రెప్ప బరువు

కొండపల్లిలో మా పెద్దమ్మ బొమ్మలకి కళ్ళు దిద్దేది. పెదనాన్న తెల్లపొణికి చెక్కని చెక్కి, చింతగింజల పొడీ రంపప్పొట్టూ కలిపిన మక్కుతో చేతులూ కాళ్ళూ అతికి, సుద్ద పూసి ఆరబెట్టేవాడు. రంగులు ఇంట్లో ఎవరైనా వేసేవాళ్ళు. కళ్ళు మాత్రం ఆవిడే. సన్న కుంచెతో ఒక్క గీత, కింద ఒక చుక్క. అంతే, అప్పటిదాకా చెక్కగా ఉన్నది మనవైపు చూసేది.

ఓ ఏడు సంక్రాంతి కొలువుల గిరాకీ మొదలయ్యాక, ఆవిడ దిద్దిన కళ్ళు తేడాగా వస్తున్నాయని పెదనాన్న గమనించాడు. పొద్దున దిద్దినవి బాగానే ఉన్నాయి. మధ్యాహ్నం దాటాక దిద్దిన వాటిలో ఒక కన్ను పైకీ ఒకటి కిందకీ. అడిగితే "రెండు మొహాలు కనపడుతున్నాయి, దేనికి దిద్దాలో తెలీట్లా" అంది. సాయంత్రానికి ఎడమ రెప్ప వాలిపోయేది. రాత్రి అన్నం నములుతూ నములుతూ మధ్యలో ఆగిపోయేది, దవడ నొప్పి కాదు, ఇక కదలదంతే. తెల్లారి లేస్తే అన్నీ మామూలే.

ఈ "తెల్లారి లేస్తే మామూలే" అన్నదే ఆవిడ కొంప ముంచింది. కళ్ళ డాక్టరు దగ్గరికి పొద్దున్నే వెళ్ళింది, ఆయన కళ్ళజోడు మార్చాడు. ఇంకొకాయన నరాల బలహీనత అని బలం మందులు రాశాడు. చుట్టాల్లో ఒకావిడ "పొద్దున వంటకి లేస్తావు, సాయంత్రం పనికే వస్తుందా నీరసం?" అనేసింది నవ్వుతూనే. ఏడాదిన్నర ఇలా గడిచాక, మాట ముక్కులోంచి రావడం మొదలయ్యాక, బెజవాడలో ఓ నరాల డాక్టరు ఆవిడ రెప్పమీద గుడ్డలో చుట్టిన ఐసుముక్క రెండు నిమిషాలు పెట్టి తీశాడు. రెప్ప లేచింది. తర్వాత ఓ ఇంజెక్షన్ చేస్తే కాసేపటికి చెయ్యి కూడా లేచింది. "మయస్తీనియా గ్రేవిస్ అంటారమ్మా. అమితాబ్ బచ్చన్‌కీ వచ్చింది" అన్నాడాయన. 1984లో ఆ వార్త పేపర్లలో చదివినవాళ్ళు మా ఇంట్లో ఉన్నారు. పెద్దమ్మ మాత్రం "ఆయన్నెవరూ పని ఎగ్గొడుతున్నాడని అని ఉండరులే" అంది.

తర్వాత ఛాతీకి సీటీ స్కాన్ తీయించమన్నారు. రెప్ప వాలితే ఛాతీకి ఫోటో ఎందుకో మాకు అర్థం కాలేదు. రొమ్ముటెముక వెనక, గుండెకి కాస్త పైన, కోడిగుడ్డంత గడ్డ ఉంది. థైమస్ గ్రంథిలో పుట్టిన గడ్డ, పేరు థైమోమా. "క్యాన్సరా అండీ?" అని పెదనాన్న అడిగాడు. డాక్టరు వెంటనే జవాబు చెప్పలేదు. "అవునని చెప్పలేను. కాదనీ చెప్పలేను" అన్నాడు.

నేను డాక్టర్ని కాదు. ఆ జవాబు ఆయన తప్పించుకోడానికి చెప్పాడని అప్పట్లో కోపం వచ్చింది. అది తప్పించుకోవడం కాదనీ, వందేళ్ళ చరిత్ర తర్వాత కూడా నిజాయితీగా చెప్పగలిగింది అంతేననీ తెలుసుకోడానికి నాకు చాలా చదువు పట్టింది. ఆ చదువులో దొరికినవి కొన్ని ఇవి. వాటిలో ఒకటి తెలుగు మాట. అది ఎదురవుతుందని నేనైతే అనుకోలేదు.

*

ఈ జబ్బుని మొదట కాగితం మీద పెట్టినవాళ్ళలో ఒకడు థామస్ విల్లిస్, ఇంగ్లండు వైద్యుడు. 1672లో వచ్చిన లాటిన్ పుస్తకంలో ఒకామె గురించి రాశాడు. ఆవిడ పొద్దున బాగానే మాట్లాడుతుంది, కాసేపు గబగబా మాట్లాడితే గొంతు పూర్తిగా పోతుంది, గంటో రెండు గంటలో ఆగితేగానీ తిరిగి రాదు. అంతకు ముందే, 1640లలో, అమెరికాలోని వర్జీనియాలో ఆంగ్లేయులతో పోరాడిన ఒపెకంకనో అనే ముసలి నాయకుణ్ణి పల్లకీలో మోసేవారనీ, రెప్పలు ఎత్తిపెట్టడానికి పక్కన మనుషులు ఉండేవారనీ అప్పటి రాతల్లో ఉంది. ఆయనకీ ఇదే జబ్బేమోనని ఇప్పటి వైద్యులు కొందరి ఊహ. ఊహే, రుజువేం లేదు.

విల్లిస్ తర్వాత రెండు వందల ఏళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. 1879లో జర్మనీలో ఎర్బ్, 1893లో వార్సాలో గోల్డ్‌ఫ్లామ్ రోగుల్ని ఓపిగ్గా వరసపెట్టి వర్ణించారు. 1895లో బెర్లిన్‌లో జాలీ దీనికి పేరు పెట్టాడు. అందులో మూడో మాట ఒకటుండేది, ఇప్పుడు వాడుకలో రాలిపోయింది: 'సూడోపారలిటికా'. పక్షవాతంలా కనపడేదే గానీ పక్షవాతం కాదు అని. ఎందుకంటే అప్పటి డాక్టర్లు చనిపోయిన రోగుల మెదడు కోసి చూశారు, వెన్నుపాము చూశారు, నరాలు చూశారు, ఎక్కడా దెబ్బ కనపడలేదు. కారణం కంటికి కనపడని జబ్బుని జనం ఏమంటారో మనకి తెలుసు. మా చుట్టాలావిడ నవ్వుతూ అన్న మాటే, దేశాన్నిబట్టి భాష మారి ఉంటుంది.

1901లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మొదటి ఆధారం దొరికింది. లాకర్ అనే డాక్టరు చూసిన మయస్తీనియా రోగి చనిపోతే, శవపరీక్ష చేసిన వైగర్ట్‌కి ఛాతీలో, థైమస్ ఉండే చోట, గడ్డ కనిపించింది. కండరాల్లో అక్కడక్కడా చిన్న గుండ్రటి కణాలు గుంపులుగా ఉన్నాయి. గడ్డలో ఉన్నదీ అలాంటి కణాలే కాబట్టి, గడ్డ కండరాల్లోకి పాకిందని తేల్చాడు. తప్పు తేల్చాడు. కండరాల్లో ఉన్నవి గడ్డ ముక్కలు కావు, కండరాలమీద దాడికి వచ్చిన రక్తంలోని రక్షక కణాలు. కానీ ఆ తప్పు తెలియడానికి ముందు థైమస్ అసలేం చేస్తుందో తెలియాలి. అది 1901లో ప్రపంచంలో ఎవరికీ తెలియదు.

*

థైమస్ గ్రంథి విచిత్రమైనది. పిల్లల్లో పెద్దగా ఉంటుంది, యవ్వనం వచ్చాక కుదించుకుపోతూ చివరికి చాలామటుకు కొవ్వుగా మిగులుతుంది. వయసుతో చిన్నదవుతుందని రోమన్ల కాలంలోనే గాలెన్ గమనించాడు. దాని పని ఏమిటో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. తెలియని చోట మనిషి ఊరికే ఉండడు కదా, కథలు అల్లుతాడు.

ఆ కథల్లో ఒకటి పిల్లల ప్రాణాలమీదికి వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దంలో, ఆరోగ్యంగా ఉన్న పసిపిల్లలు ఉన్నట్టుండి నిద్రలో చనిపోతే, శవపరీక్షలో పెద్ద థైమస్ కనిపించేది. మామూలు పిల్లల్లో చిన్నగా ఉంటుంది, వీళ్ళలో పెద్దగా ఉంది కాబట్టి ఇదే ఊపిరాడకుండా చేసింది అనుకున్నారు. 1889లో వియన్నాలో పల్టాఫ్ దానికో పెద్ద పేరు కూడా పెట్టాడు. మరి ఆ 'మామూలు' కొలత ఎక్కడిది? కోతబల్లమీదికి వచ్చే శవాలు ఎక్కువగా పేదవాళ్ళవి. ఆకలితో, ఎన్నాళ్ళో జబ్బుతో తీసుకుని పోయినవాళ్ళవి. ఆకలీ జబ్బూ ఉంటే థైమస్ ఇట్టే ఎండిపోతుంది. అంటే ఎండిపోయిన పేదపిల్లల థైమస్‌ని మామూలుగా లెక్కేసి, నిజంగా మామూలుగా ఉన్నదాన్ని రోగమన్నారు.

1907 నుంచి అమెరికాలో పసిపిల్లల ఛాతీకి ఎక్స్‌రేలు పెట్టి థైమస్‌ని 'కుదించడం' మొదలైంది. తర్వాత నాలుగు దశాబ్దాలు వేలాదిమంది పిల్లలకి, ఏ జబ్బూ లేని పిల్లలకి కూడా, ముందుజాగ్రత్తగా చేశారు. 1950లో డఫీ, ఫిట్జెరాల్డ్ అనే ఇద్దరు థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లల రికార్డులు తిరగేస్తే, దాదాపు మూడింట ఒకవంతు మందికి పసితనంలో థైమస్‌కి ఎక్స్‌రేలు పెట్టిన చరిత్ర ఉంది. లేని జబ్బుకి మందిచ్చి, ఉన్న జబ్బు తెచ్చిపెట్టారు.

*

మయస్తీనియా కథ ఇంకో దారిలో నడిచింది. 1911లో జ్యూరిచ్‌లో సావర్‌బ్రుఖ్ ఒక యువతికి థైమస్ తీసేశాడు. తీసింది థైరాయిడ్ జబ్బు కోసం, కానీ ఆవిడ మయస్తీనియా కూడా తగ్గింది. అది యాదృచ్ఛికమో ఏమో ఎవరూ చెప్పలేకపోయారు.

1934లో లండన్ దగ్గర గ్రీనిచ్‌లో, సెయింట్ ఆల్ఫెజ్ ఆసుపత్రిలో, మేరీ వాకర్ అనే డాక్టరు చిన్న ఉద్యోగంలో ఉండేది. మయస్తీనియా రోగిని చూస్తే, దక్షిణ అమెరికా వేటగాళ్ళు బాణాలకి పూసే క్యురారే విషం ఎక్కినవాడిలా ఉంటాడని ఒక సీనియర్ నరాల వైద్యుడు ఆవిడతో అన్నాడు. అలాగైతే క్యురారేకి విరుగుడు దీనికీ పనిచేయాలిగా అని ఆవిడ ఫిజోస్టిగ్మిన్ ఇచ్చి చూసింది. వాలిన రెప్ప లేచింది. కొన్ని గంటలకి మళ్ళీ వాలింది. పెద్దమ్మకి బెజవాడలో చేసిన ఇంజెక్షన్ దాని చుట్టమే. ఇప్పుడు ఆవిడ రోజూ వేసుకునే మాత్రా ఆ వంశానిదే.

రెండేళ్ళ తర్వాత, 1936లో, అమెరికాలో నాష్‌విల్‌లో ఆల్ఫ్రెడ్ బ్లాలాక్ పందొమ్మిదేళ్ళ అమ్మాయికి రొమ్ముటెముక చీల్చి థైమస్ గడ్డ తీశాడు. (తర్వాతి కాలంలో నీలిపిల్లల గుండె ఆపరేషన్‌తో పేరు తెచ్చుకున్న బ్లాలాక్ ఇతనే.) అమ్మాయి కోలుకుంది. దాంతో ఆయనకి ఇంకో ఆలోచన వచ్చింది. గడ్డ లేని మయస్తీనియా రోగులకి కూడా థైమస్ తీసేస్తే? 1941 నాటికి జాన్స్ హాప్కిన్స్‌లో అదే చేశాడు, కొందరికి బాగా తగ్గింది.

ఇక్కడ సాహిత్య పాఠకులకి తెలిసిన ఇంటిపేరు ఒకటి వస్తుంది. ఆర్థికవేత్త కీన్స్ తమ్ముడు జెఫ్రీ కీన్స్ లండన్‌లో సర్జన్. విలియం బ్లేక్ రచనల్ని పరిష్కరించి ప్రచురించినవాడు కూడా ఈయనే. 1942 నుంచి రెండు వందలకి పైగా థైమస్ ఆపరేషన్లు చేసి, బ్రహ్మాండంగా పనిచేస్తోందన్నాడు. అదే సమయంలో అమెరికాలో మేయో క్లినిక్ వాళ్ళు తమ రోగుల్ని లెక్కవేసి, పెద్ద తేడా ఏం కనపడలేదన్నారు. ఒకే ఆపరేషన్, రెండు సముద్రతీరాలు, రెండు జవాబులు. ఎవరు అబద్ధమాడారు?

ఎవరూ ఆడలేదు. లెక్కలో గడ్డ ఉన్నవాళ్ళనీ లేనివాళ్ళనీ కలపడంలో వచ్చింది తేడా. గడ్డ ఉన్నవాళ్ళని పక్కకి తీసి చూస్తే, మిగతావాళ్ళకి ఆపరేషన్ మేలు చేస్తున్నట్టే కనపడింది. గడ్డ ఉన్నవాళ్ళకి గడ్డ మొత్తం తీసేసినా మయస్తీనియా అంత సులువుగా పోవట్లేదు. మామూలు బుద్ధికి ఇది తలకిందులు. తప్పు చేస్తున్నది గడ్డే అయితే, గడ్డ పోయాక తప్పు కూడా పోవాలి కదా? ఇంకా విడ్డూరం, కొందరికి గడ్డ తీసేనాటికి మయస్తీనియా ఆనవాలే లేదు, తీశాక నెలలకో ఏళ్ళకో మొదలైంది.

గడ్డ లేనివాళ్ళలో ఆపరేషన్ మేలు చేస్తుందని సరైన పోలికతో రుజువు కావడానికి 2016 దాకా పట్టింది. 126 మంది రోగుల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి మందు, ఇంకో గుంపుకి మందుతోపాటు ఆపరేషన్ ఇచ్చి మూడేళ్ళు చూశారు. ఆపరేషన్ అయినవాళ్ళు బలంగా ఉన్నారు, స్టెరాయిడ్ తక్కువ సరిపోయింది. ఆ అధ్యయనానికి పునాది వేసిన జాన్ న్యూసమ్-డేవిస్ ఫలితం చూడలేదు. 2007లో ఆ పనిమీదే రొమేనియా వెళ్ళి, అక్కడ రోడ్డు ప్రమాదంలో పోయాడు.

*

గడ్డ వింత ప్రవర్తన అర్థం కావాలంటే బడి సంగతి తెలియాలి.

1961లో లండన్‌లో జాక్ మిల్లర్ అనే యువ పరిశోధకుడు ఎలుకల్లో రక్తక్యాన్సర్ గురించి పని చేస్తూ, అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల థైమస్ తీసేశాడు. పెద్ద ఎలుకల్లో తీస్తే ఏం కాలేదు. పిల్లల్లో తీస్తే అవి చిక్కిపోయి, చిన్నాచితకా అంటురోగాలకే చచ్చిపోయాయి. వేరే ఎలుక చర్మం అతికిస్తే తిప్పికొట్టలేకపోయాయి. అలా తేలింది: ఒంటిని కాపాడే ఒక రకం తెల్లకణాలు, ఇప్పుడు టి-కణాలంటున్నవి, థైమస్‌లో తయారవుతాయి. దానికి ఏ పనీ లేదని పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే అంటున్న రోజులవి. మనిషి ఒంట్లో ఏ అవయవం ఏం చేస్తుందో తెలియడంలో ఇది ఆఖరి వాటిలో ఒకటి.

నిజానికి గడ్డలు ఈ సంగతి ముందే చెప్పాయి. 1954లో మిన్నెసోటాలో రాబర్ట్ గుడ్ దగ్గరికి ఒక రోగి వచ్చాడు. థైమస్‌లో గడ్డ ఉంది, ఒంట్లో రోగనిరోధక ప్రోటీన్లు దాదాపు లేవు, ఎప్పుడూ ఏదో ఒక అంటురోగమే. ఛాతీలో గడ్డకీ రక్తంలో లోపానికీ సంబంధమేంటని గుడ్ అప్పట్నుంచే అనుమానపడ్డాడు.

థైమస్ ఒక బడి అనుకోండి. ఎముక మూలుగలో పుట్టిన కణాలు పిల్లల్లా అక్కడికి వస్తాయి. బడి గోడలూ పంతుళ్ళూ వేరే జాతి కణాలు, వాటిని ఎపిథీలియల్ కణాలంటారు. పంతుళ్ళు ఈ పిల్లలకి మన ఒంట్లో ఉండే ప్రోటీన్లన్నిటి ముక్కలూ చూపిస్తారు. చూడగానే మీదికి దూకిన కణాన్ని అక్కడే చంపేస్తారు. అసలు దేన్నీ పట్టించుకోని కణాన్నీ చంపేస్తారు. నూటికి తొంభై ఐదుకి పైగా ఆ బడి దాటకుండానే పోతాయి. మిగిలినవి 'నాదీ, పరాయిదీ' తేడా నేర్చుకుని బయటికి వస్తాయి.

థైమోమాలో పాడైంది పంతుళ్ళు. సూక్ష్మదర్శినిలో చూస్తే గడ్డంతా పిల్లకణాలే కిక్కిరిసి కనపడొచ్చు, వైగర్ట్ చూసినవీ అవే. కానీ వాటికే పాపం తెలియదు. అదుపు తప్పి పెరుగుతున్నది వాటి మధ్యలో ఉన్న ఎపిథీలియల్ కణాలు. గడ్డయినా అవి పాత పని మానవు, అదే దీని ప్రత్యేకత. వచ్చిన పిల్లకణాల్ని చేర్చుకుంటాయి, పెంచుతాయి, బయటికి పంపుతాయి. కాకపోతే చివరి పరీక్ష ఉండదు. మన ప్రోటీన్లని చూపించి తప్పుడు కణాల్ని ఏరేసే ఏర్పాటు గడ్డలో దెబ్బతిని ఉంటుంది. నకిలీ సర్టిఫికెట్లతో ఏళ్ళ తరబడి పిల్లలు బయటికి వస్తూనే ఉంటారు. వాళ్ళలో కొందరు నరం నుంచి కండరానికి కబురందే గుమ్మంమీద దాడికి దారితీస్తారు.

ఇప్పుడు ఇందాకటి చిక్కు విడిపోతుంది. బడి కూలగొట్టినంత మాత్రాన, అప్పటికే ఉద్యోగాల్లో చేరిపోయినవాళ్ళు ఎక్కడికి పోతారు? ఆ కణాలు ఏళ్ళ తరబడి బతుకుతాయి. అందుకే గడ్డ తీశాక కూడా జబ్బు సాగుతుంది, కొందరికి తీశాకే బయటపడుతుంది. థైమోమా ఉన్నవాళ్ళలో దాదాపు మూడోవంతు మందికి, లేదా ఇంకాస్త ఎక్కువమందికి, మయస్తీనియా వస్తుంది. మయస్తీనియా ఉన్నవాళ్ళలో నూటికి పది పదిహేనుమందికి థైమోమా ఉంటుంది. ఇంకొందరిలో దాడి కండరాలమీద కాకుండా ఎర్రరక్తకణాల పుట్టుకమీద పడుతుంది, నెత్తురు తయారవడం ఆగిపోతుంది. మామూలు క్యాన్సర్ పక్క ఇంటిని ఆక్రమిస్తుంది. ఇది ఉన్నచోటే కూర్చుని, ఎక్కడో ఉన్న రెప్పని కింద పడేస్తుంది.

*

ఆ గుమ్మం ఏమిటో ఎలా తెలిసిందన్నదే నాకు ఇష్టమైన ముక్క. దానికోసం మన తీరానికి రావాలి.

1780లలో ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు విశాఖపట్నం వచ్చాడు. తమ్ముడు క్లాడ్ అక్కడ కంపెనీ అధికారి. కొన్నాళ్ళకి ఈయనా ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్తగా చేరాడు. అప్పట్లో తీరం పొడుగునా పాముకాట్లు. విషప్పామేదో, విషం లేనిదేదో పైకి చూసి చెప్పగలిగితే ఎంతోమంది బతుకుతారు కదా అని పాముల్ని పోగుచేయించి, పొలుసులు లెక్కపెట్టి, బొమ్మలు గీయించాడు. 1796లో లండన్‌లో అచ్చయిన ఆ పెద్ద పుస్తకంలో పాములకి ఆయన లాటిన్ పేర్లు పెట్టలేదు. ఇక్కడి జనం నోట విన్న పేర్లనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. ఇప్పుడు మనం రక్తపింజర అంటున్నదానికి ఆయన పుస్తకంలో పేరు 'కాటుకరేకుల పొడ'. నలుపూ పసుపూ పట్టీలున్న పెద్ద కట్లపాముకి ఆయన రాసుకున్న పేరు 'బంగారు పాము'.

1803లో ఫ్రెంచి జంతుశాస్త్రజ్ఞుడు దోదాఁ కట్లపాముల జాతికంతటికీ శాస్త్రీయ నామం పెట్టాల్సి వచ్చి, రస్సెల్ పుస్తకంలోని ఆ తెలుగు మాటనే లాటిన్ చేశాడు: బంగారస్. ప్రపంచంలో ఏ కట్లపామయినా ఇప్పుడు ఆ పేరుతోనే ఉంది.

1963లో తైపేలో చాంగ్, లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తైవాన్ కట్లపాము విషాన్ని ముక్కలు ముక్కలుగా విడదీశారు. ఒక ముక్క నరానికీ కండరానికీ మధ్య, కండరం వైపున ఉండే గ్రాహకానికి తాళం వేసినట్టు అతుక్కుపోయి వదలదు. పాము జాతి పేరే దానికీ పెట్టారు, ఆల్ఫా-బంగారోటాక్సిన్. అప్పటిదాకా ఆ గ్రాహకం ఊహలో ఉందిగానీ ఎవరి చేతికీ చిక్కలేదు. ఇప్పుడు దాన్ని పట్టుకునే కొక్కెం దొరికింది.

1973లో రెండు పనులు జరిగాయి. కాలిఫోర్నియాలో ప్యాట్రిక్, లిండ్‌స్ట్రోమ్ కరెంటు చేప నుంచి ఆ గ్రాహకాన్ని వేరుచేసి కుందేళ్ళకి ఎక్కించారు. కుందేళ్ళ ఒళ్ళు దానిమీద ప్రతిదాడి మొదలెట్టి, పనిలోపనిగా తమ సొంత గ్రాహకాల్నీ కొట్టింది. కుందేళ్ళు మెడలు వాల్చేశాయి. బాల్టిమోర్‌లో ఫాంబ్రో, డ్రాక్‌మన్, సత్యమూర్తి మయస్తీనియా రోగుల కండరం ముక్కల్లో, రేడియోధార్మిక గుర్తు వేసిన ఆల్ఫా-బంగారోటాక్సిన్‌తో గ్రాహకాల్ని లెక్కపెట్టారు. మామూలువాళ్ళలో ఉండాల్సినదాంట్లో మూడోవంతు కూడా లేవు. విల్లిస్ నుంచి మూడు వందల ఏళ్ళు, శవాల్లో కనపడని దెబ్బ ఇదే. పొద్దున ఉన్న కాసిని గ్రాహకాలతో ఎలాగో నడుస్తుంది, వాడేకొద్దీ నరం పంపే కబురు పల్చబడి, సాయంత్రానికి అవి చాలవు. 'పక్షవాతంలా కనపడేదే' అన్న మాట పేరులోంచి రాలిపోయింది.

ఇది చదివిన రోజు పెద్దమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "కట్లపాము కరిచినా రెప్పలే కదరా ముందు వాలేది" అంది. నిజమే. కృష్ణా డెల్టాలో నేలమీద పడుకున్నవాళ్ళని రాత్రి కట్లపాము కరిస్తే నొప్పి కూడా తెలియదు, తెల్లారి రెప్పలు లేవకపోతే అప్పుడు అనుమానం వస్తుంది. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఎక్కువై, మోపిదేవి గుడిలో సర్పశాంతి యాగం కూడా చేయించారు. తాచు కాటుకి ఆసుపత్రిలో విరుగుడు మందుతోపాటు ఇచ్చే నియోస్టిగ్మిన్, పెద్దమ్మ రోగం పట్టించిన ఇంజెక్షన్ జాతిదే. (కట్లపాము విషంలో నరం వైపు దెబ్బకొట్టే ముక్క కూడా ఉంటుంది కాబట్టి దానికి ఈ మందు అంతగా పనిచేయదు.)

*

రస్సెల్ వెతికింది విషప్పాముని చూడగానే గుర్తుపట్టే గుర్తు. అన్ని పాములకీ పనికొచ్చే ఒక్క గుర్తు ఆయనకి దొరకలేదు. ఇప్పటికీ లేదు. అచ్చం కట్లపాములా పట్టీలుండి ఏ విషమూ లేని పాము మన ఇళ్ళలోనే తిరుగుతుంది.

థైమోమా దగ్గర పాథాలజీ డాక్టర్ల పరిస్థితి కూడా ఇంతే. మామూలుగా క్యాన్సర్ కణం సూక్ష్మదర్శినిలో వికారంగా కనపడుతుంది. థైమోమా కణం చాలాసార్లు ఎంతో బుద్ధిమంతుడిలా కనపడుతుంది, అయినా ఊపిరితిత్తి పొరమీదికి చుక్కలు చుక్కలుగా రాలి మొలకెత్తగలదు. పదేళ్ళు చప్పుడు చేయకుండా ఉండి తిరిగి రాగలదు. అందుకని చూపుని వదిలేసి నడవడిక చూడాలన్నారు. 1981లో జపాన్‌లో మసావొకా కట్టిన దశలు అలాంటివే. గడ్డ తన తొడుగులోనే ఉందా, తొడుగు దాటి చుట్టూ కొవ్వులోకి వెళ్ళిందా, గుండెపొరనో ఊపిరితిత్తినో పట్టుకుందా, ఇంకా దూరం రాలిందా. ఆపరేషన్ బల్లమీద సర్జన్ చేతికి తగిలినదానికీ, తొడుగు అంచు కోసి చూసినదానికీ ఇక్కడ విలువ ఎక్కువ. 1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కణాల రూపాన్నిబట్టి ఎ, ఎబి, బి1, బి2, బి3 అని పేర్లిచ్చింది. అక్షరాల్లో ముందుకి పోయేకొద్దీ ప్రమాదం పెరుగుతుందని స్థూలంగా అంటారు, కానీ ఎ రకం కూడా అరుదుగా తిరగబడుతుంది. చివరికి 2015 నాటి వర్గీకరణలో, చాలా కొద్ది రకాలు తప్ప, థైమోమా అంటేనే ప్రాణాంతకం కాగలదని లెక్కేసుకోమన్నారు. 'మంచి గడ్డ' అన్న మాట తీసేశారు. 'అవునని చెప్పలేను, కాదనీ చెప్పలేను' అన్న డాక్టరు ఈ చరిత్ర మొత్తాన్నీ ఒక ముక్కలో చెప్పాడన్నమాట.

పెద్దమ్మ గడ్డ తీశారు. రొమ్ముటెముక చీల్చి, తొడుగుతో సహా, చుట్టూ ఉన్న కొవ్వుతో సహా. తొడుగుని ఒకచోట కాస్త దాటిందన్నారు. మయస్తీనియా పోలేదు. మాత్రలు తగ్గాయి, స్టెరాయిడ్ వల్ల మొహం ఉబ్బి మళ్ళీ మామూలైంది. ఏటా స్కాన్. ఐదో ఏడు బాగానే ఉంటే, ఇక చాలు, ఆ ఖర్చెందుకని ఇంట్లో అందరం అన్నాం, నాతో సహా. ఐదేళ్ళు దాటితే గెలిచినట్టే అని వేరే క్యాన్సర్ల గురించి విన్న లెక్క మా బుర్రల్లో ఉంది. నరాల డాక్టరు ఒప్పుకోలేదు. "దీనికి ఆ లెక్క పనికిరాదమ్మా, మీరు రావాల్సిందే" అని గట్టిగా చెప్పాడు. తొమ్మిదో ఏడు ఊపిరితిత్తి పొరమీద చిక్కుడుగింజంత మచ్చ కనపడింది. అదీ తీశారు. ఐదో ఏడు మా మాట విని ఆగిపోయి ఉంటే ఆ గింజ ఎంత అయ్యేదో నేను లెక్కేసుకోదలచుకోలేదు.

అందుకే ఇదంతా రాయడం. ఈ జబ్బు చరిత్రలో ప్రతి తప్పూ ఒకే రకం. పేదపిల్లల శవాల్లో ఉన్నదే మామూలనుకోవడం, గడ్డ ఉన్నవాళ్ళనీ లేనివాళ్ళనీ ఒక లెక్కలో వేయడం, పొద్దున చూసి సాయంత్రం లేదనడం, వేరే క్యాన్సర్ లెక్క దీనికి వాడటం. చూసింది తప్పు కాదు. ఒక్కసారి, ఒక్కచోట చూసి ఊరుకోవడం తప్పు.

మొన్న కొండపల్లి వెళితే పెద్దమ్మ పొద్దున ఏడింటికే కుంచె పట్టుకుని కూర్చుంది. పది దాటితే ముట్టుకోదు. బల్లమీద దశావతారాల సెట్టు, నాలుగు బొమ్మలకి కళ్ళున్నాయి, ఆరింటికి లేవు. "మిగతావి?" అన్నాను. "రేపు పొద్దున" అంది, కుంచె కడుగుతూ.